రెండింటికీ తగిలించిన డిస్కు

చిలగడదుంప ఆకుల కాడలకు పీచు తీస్తున్నాను. ఒక్కో కాడనీ చివర విరిచి, పీచును కిందిదాకా లాగాలి. లాగకపోయినా ఉడుకుతుంది, కానీ మా అత్తగారి పళ్ళ సందుల్లో ఇరుక్కుంటుంది. ఆవిడ వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడి కాసేపు నా చేతుల్ని చూశారు.

"ఈ నెల నువ్వు అగరొత్తులు ముట్టుకోకు పెయ్‌రూ. పూజ నేను చేసుకుంటాను. నీ ఒళ్ళింకా శుభ్రపడలేదు."

"సరే అత్తయ్యా."

"కూరలు మాత్రం నువ్వే తరుగు. చేప కూడా నువ్వే వేయించు. నా మోకాళ్ళు నన్ను నిలబడనివ్వడం లేదు."

అగరొత్తికి మైలైన చేతులు చేపకి మైల కావన్నమాట. ఈ మాట నాకు చాలా రోజుల తర్వాత తోచింది. ఆ పూట మాత్రం ఇంకో కాడ తీసుకుని విరిచాను.

"ఇంకోటి. వచ్చేవారం గురువారం ఆఫీసుకి సెలవు పెట్టు. పిల్లలు పుట్టడానికి వైద్యం చేసే ఆ ఆసుపత్రిలో డాక్టరమ్మ దగ్గర మనకి నంబరు దొరికింది. మింగ్యావ్ చెప్పలేదూ?"

చెప్పలేదు.

"పేరు మటుకు రాయించుకుని వద్దాం. దయ్యాలు తిరిగే ఈ ఏడో నెలలో సూదులూ కోతలూ మంచివి కావు. నెల మారగానే మొదలుపెడతారట. ముప్పై ఆరు నిండాయి నీకు. ఇంక తాత్సారం చేస్తే ఎలా?"

"సరే," అన్నాను. ఆ రోజుల్లో నాకు అన్నిటికీ అదే మాట వచ్చేది. అది ఒప్పుకోవడం కాదు. కాదనాలంటే లోపల ఏదో ఒకటి కదలాలి. అది కదిలేది కాదు.

కిందటి నెల, పంచాంగంలో ఆరో నెలలో, నాకు కడుపు పోయింది. మూడు నెలలు నిండేదాకా కడుపు సంగతి బయట ఎవరికీ చెప్పకూడదు. లోపలి బిడ్డలు ఉత్త అలకబోతులని, నలుగురి నోళ్ళలో పడితే లేచి వెళ్ళిపోతారని అంటారు. అందుకని యున్లిన్‌లో వెల్లుల్లి పొలంలో ఉండే మా అమ్మకి కూడా నేను చెప్పలేదు. ఉన్నదని చెప్పనప్పుడు పోయిందని చెప్పడం ఎలా? ఆఫీసులో జలుబని చెప్పి సెలవు పెట్టాను. మా ఆయన మింగ్యావ్ బజారునుంచి నువ్వులనూనె కోడిపులుసు తెచ్చి, గిన్నెలో పోసి, మంచం దగ్గరికే తెచ్చిచ్చాడు. నా పాదాలు ఒళ్ళో పెట్టుకుని ఒత్తాడు. అతను చెడ్డవాడు కాడు. ఒత్తుతూ ఒత్తుతూ, "మూడు నెలలు నిండలేదుగా. ఎవరికీ చెప్పలేదుగా. జరగనట్టే అనుకో పెయ్‌రూ," అన్నాడు. నన్ను ఓదార్చడానికే అన్నాడు. తర్వాత హాల్లోకి వెళ్ళి టీవీలో బేస్‌బాల్ ఆట పెట్టుకున్నాడు, నాకు నిద్ర పడుతుందేమోనని శబ్దం బాగా తగ్గించి. జరగనట్టే అనుకోవడం నాకు కష్టం కాలేదు. నాకు అంతకంటే తేలికగా వచ్చే పని అప్పుడు ఇంకోటి లేదు. లేచి నిలబడితే ఒళ్ళు ఉండేది, అన్నం తింటే గిన్నె ఖాళీ అయ్యేది. వాటి మధ్యలో నేను ఎక్కడున్నానో వెతకాలని కూడా అనిపించేది కాదు.

అత్తగారు మాత్రం కారణం కనిపెట్టారు. "మిషన్లున్న ఆ చల్లగదిలో పొద్దస్తమానం కూచుంటుంది. గర్భసంచికి చలి పట్టేసింది," అని ఫోనులో తన చెల్లెలితో చెప్పడం విన్నాను. ఆ చెల్లెలికి చెప్పవచ్చు. ఆవిడ సొంత మనిషి.

ఆ చల్లగది మా తైచుంగ్ నగరం శివార్లలోని ఫ్యాక్టరీలో రెండో అంతస్తులో ఉంది. మేము సైకిళ్ళకి పెడళ్ళు చేస్తాము. పెడల్ గీతలన్నీ ఒక డిస్కులో ఉంటాయి. దాని మీద ఒక లినక్స్ సర్వరు. డిజైనువాళ్ళు గీసినవి అక్కడ దాస్తారు. కింద లోహం కోసే మిషన్లకి ఆ గీతలు పంపడానికి ఇంకో సర్వరు. ఇవి విడి విడి పెట్టెలు కావు. ఒకే పెద్ద యంత్రం లోపల ఉన్న రెండు వర్చువల్ సర్వర్లు. ఆ యంత్రం నెత్తిన, అందరూ పెట్టినట్టే మేమూ, కొబ్బరి రుచి చిరుతిండి ఆకుపచ్చ ప్యాకెట్టు పెడతాము. అది ఉంటే మిషన్లు మారాం చెయ్యవని ఇక్కడివాళ్ళ నమ్మకం. ప్యాకెట్టు గడువు దాటకుండా చూసి కొత్తది కొనుక్కురావడం నా పని. ఎవరూ నాకు అప్పగించలేదు. "బజారుకి ఎలాగూ వెళ్తావుగా," అని నాతో సమానంగా పనిచేసే జిషెంగ్ ఒకసారి అన్నాడు, అంతే. ఫ్యాక్టరీలో అతన్ని ఇంజనీరుగారూ అని పిలుస్తారు. నన్ను పెయ్‌రూ అంటారు.

మొదటి సర్వరులోని గీతల్ని నేను రోజూ రెండోదానికి కాపీ చేసేదాన్ని. ఆ వారం మా మేనేజర్ చువాంగ్ నా కుర్చీ వెనక నిలబడి, "ఈ కాపీలెందుకు? ఉన్నది ఒక్క డిస్కు. రెండు సర్వర్లకీ తగిలించేయ్, ఇద్దరూ వాడుకుంటారు," అన్నాడు.

అలా కుదరదని చెప్పాను. నేను పెద్దగా మాట్లాడను కానీ ఈ విషయం మాత్రం ఓపిగ్గా చెప్పగలను. డిస్కంటే గోదాములాంటిది. సర్వరు అందులోకి అడుగుపెట్టేటప్పుడు ఏ మూల ఏముందో, ఏ చోటు ఖాళీయో తలలో గుర్తు పెట్టుకుంటుంది. ఆ తర్వాత ప్రతిసారీ వెళ్ళి చూడదు, తలలో ఉన్నదాన్నే నమ్ముతుంది. ఆ గోదాము తనొక్కదానిదే అయినంతకాలం ఆ నమ్మకం వమ్ము కాదు. ఇంకో సర్వరుకి కూడా అదే గోదాము తలుపు తెరిచామనుకోండి. అదీ తనొక్కదానిదే అనుకుంటుంది. ఒకటి దించిన సరుకు రెండోదానికి తెలియదు. ఖాళీ అనుకున్న చోటే తనదీ దించుతుంది. మొదటిది కిందపడి నలిగిపోతుంది. అరుపూ కేకా ఉండదు. ఎందుకంటే డిస్కు కాదనదు. ఎవరు రాస్తే వాళ్ళది రాయించుకుంటుంది.

"మరి లోకంలో ఎవరూ పంచుకోరా?" అన్నాడు చువాంగ్.

"పంచుకుంటారు సార్. ఇద్దరున్నారని ఎరిగిన ఫైల్ సిస్టం వేరే ఉంది, అది వేసుకోవాలి. అప్పుడు ఏదైనా రాసే ముందు ఒకళ్ళనొకళ్ళు అడుగుతారు. లేదంటే డిస్కుని ఒక సర్వరు దగ్గరే ఉంచి, రెండోది కావలసినవి దాన్ని అడిగి తీసుకోవాలి. ఏది చేసినా నాకు ఒక వారం కావాలి."

"ఏమ్మా పెయ్‌రూ, నీ చేతిలో పడితే ప్రతి పనీ కష్టప్రసవమే!"

గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇక్కడి ఆఫీసుల్లో సాగని పనిని అందరూ అలాగే అంటారు, అందులో కొత్తేమీ లేదు. నవ్వుతున్నప్పుడు నా బుగ్గలు పైకి లేవడం నాకు తెలిసింది. అంతకు మించి ఏమీ తెలియలేదు.

జిషెంగ్ తన తెర నావైపు తిప్పాడు. "ఇదిగో, ఒకటికి మించి సర్వర్లకి తగిలించుకోవచ్చని ఇక్కడే ఉంది. ఒక్క టిక్కు పెడితే చాలు. చెయ్యకూడనిదైతే ఎందుకిస్తారు?"

"తగిలించనిస్తారు. లోపల ఏమవుతుందో వాళ్ళ పూచీ కాదు."

"నువ్వు మరీ భయస్తురాలివి పెయ్‌రూ."

బుధవారం మధ్యాహ్నం ఫ్యాక్టరీలో ఏడో నెల పూజ. కింద గేటు దగ్గర బల్లలు వేశారు. ఆఫీసు వ్యవహారాలు చూసే షుఫెన్ అక్క మెట్ల దగ్గర నిలబడి పైకి కేకేసింది. "పెయ్‌రూ! దిగి రా! ఆడాళ్ళందరూ ఇక్కడ చెమటలు కక్కుతుంటే నువ్వక్కడ ఏసీలో కులుకుతున్నావా?"

"పని మధ్యలో ఉన్నానక్కా."

"వెళ్ళమ్మా, వెళ్ళు," అన్నాడు చువాంగ్. "ఆకలితో ఉన్న దయ్యాలకి ఆలస్యమైతే ముందు మన సర్వర్ల మీదే పడతాయి. ఇక్కడ మేం చూసుకుంటాం."

"నేను వచ్చేదాకా రెండోదానికి తగిలించకండి."

"సరే, సరే."

నూడుల్స్ అట్టపెట్టెలు, బిస్కెట్లు, డబ్బా పండ్లు, బియ్యం సంచులు, సోడాలు. బల్ల కింద ఒక బేసిన్లో నీళ్ళు, పక్కన కొత్త తువ్వాలు, దూరంనుంచి వచ్చిన దయ్యాలు మొహం కడుక్కోవడానికి. ప్రతి పొట్లం మీదా ఒక అగరొత్తి గుచ్చాలి. మగవాళ్ళు నీడలో నిలబడి సిగరెట్లు కాలుస్తూ, ఏ బల్ల వంకరగా ఉందో చెబుతున్నారు. షుఫెన్ అక్క వెలిగించిన కట్టొకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. ఇంట్లో ముట్టుకోవద్దన్నారు. ఇక్కడ ముట్టుకోమన్నారు. వాళ్ళకి నా ఒంటి సంగతి తెలుసు, వీళ్ళకి తెలియదు. వాళ్ళతో సరేనన్నాను, వీళ్ళతోనూ సరేనన్నాను. ఎండలో నిలబడి మూడుసార్లు వంగి దణ్ణం పెట్టాను. ఇంత తిండీ ఎవరికంటే, పెట్టేవాళ్ళు లేకుండా పోయినవాళ్ళకి. పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేనివాళ్ళకి. బల్ల మధ్యలో పాల చాక్లెట్ల పొట్లం ఒకటి, పెద్ద డబ్బాల వెనక, ఎవరికీ అందకుండా ఉంది. దాన్ని తీసి అంచుకు, చిన్న చేతికి అందేంత దగ్గరగా పెట్టాను. ఎందుకు పెట్టానో ఆలోచించలేదు.

"అయ్యో, నిప్పు! చెయ్యి!" అంది షుఫెన్ అక్క. నా మణికట్టు మీద ఎర్రటి బూడిద పడి ఉంది. ఆమే ఊదేసింది. "కాలలేదే నీకు?"

"లేదక్కా."

"నీ ఒళ్ళు మనిషి ఒళ్ళేనా?" అని నవ్వి, ఇంకో కట్ట చేతిలో పెట్టింది.

పైకి వెళ్ళేసరికి డిస్కుని రెండు సర్వర్లకీ తగిలించేశారు. జిషెంగ్ రెండు తెరలూ పక్కపక్కన పెట్టి చూపించాడు. రెండింట్లోనూ అవే గీతలు. "ఇదిగో, ఏమైంది? మిన్ను విరిగి మీద పడిందా?" చువాంగ్ ఆకుపచ్చ ప్యాకెట్టును రెండు వేళ్ళతో తట్టి, "సర్వర్లు రెండయినా నెత్తి ఒకటే. ప్యాకెట్టు ఒకటి చాలులే," అన్నాడు. ఇప్పుడు బాగానే ఉంటుందనీ, రెండూ రాయడం మొదలుపెట్టాక చెడుతుందనీ, చెడినట్టు కూడా వెంటనే తెలియదనీ మళ్ళీ చెప్పాను. "చూద్దాంలే," అన్నాడు. కాపీ చేసే పని ఆ రోజుతో ఆపించాడు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మింగ్యావ్‌ని అడిగాను. "ఆసుపత్రికి నంబరు తీసుకునేముందు నన్ను అడగలేదేం?"

అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "అడిగినా నువ్వు సరేనంటావుగా."

నిజమే. అందులో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు.

"అమ్మ సంతోషం కోసం పేరు రాయిద్దాం. నువ్వు చెయ్యాల్సిందేమీ లేదు, రావడమే. ఇంకోటి, ఆ పాత సంగతి అక్కడ ఎత్తకు. అమ్మకి అది అపశకునం. మొదటిసారి వచ్చినట్టే ఉందాం."

"డాక్టరు అడిగితే?"

"అడిగినప్పుడు నేను చెబుతాను. నువ్వు మాట్లాడకు." చేప కళ్ళ దగ్గర మెత్తటి ముక్క తీసి నా గిన్నెలో వేశాడు. నేను ఎప్పుడూ ఇష్టపడే ముక్క అది. తిన్నాను.

ఆ పై వారం గురువారం ఆఫీసుకి మళ్ళీ జలుబనే చెప్పాను, ముగ్గురం ఆసుపత్రికి వెళ్ళాము. లేత గులాబీ గోడలు, వరసగా కుర్చీలు. ప్రతి కుర్చీలోనూ ఒక ఆడమనిషి, పక్కన ఒక తల్లో అత్తో, ఫోను చూసుకునే ఒక మగవాడు. తెర మీద నంబర్లు మారుతున్నాయి. నా ఫోను మోగింది. జిషెంగ్.

"పెయ్‌రూ, ఇక్కడ ఏదో అయింది. పెడల్ గీత తెరిస్తే సగం పెడలు, సగం క్యాంటీన్ మెనూ వస్తోంది. నిన్న తీసేసిన ఫైళ్ళు ఒకదాంట్లో ఇంకా ఉన్నాయి. ఇంకోదాంట్లో పేర్లున్నాయి, లోపల ఏమీ లేదు. కింద మిషన్లు ఏవేవో కోసేశాయి. ఇంతకీ ఏది నిజం? మొదటిదాంట్లో ఉన్నదా, రెండోదాంట్లో ఉన్నదా?"

"రెండూ కావు," అన్నాను. "రెండూ తమ తలలో ఉన్నదే చూపిస్తున్నాయి. డిస్కులో నిజంగా ఏముందో వాటిని వదిలిస్తేగానీ తెలియదు."

"దేన్ని వదిలించను?"

"రెండిటినీ."

"రెండూనా? ఫ్యాక్టరీ ఆగిపోతుంది!"

"ఆగనీ."

అవతల చువాంగ్ గొంతు దగ్గరికొచ్చింది. "పెయ్‌రూ, ఎక్కడున్నావు? వెనక అన్ని గొంతులేమిటి? జలుబుకి సెలవు పెట్టి బజార్లో తిరుగుతున్నావా? వెంటనే రా."

"ఆ ఫోను కట్టెయ్," అన్నారు అత్తగారు ఇటునుంచి. "ఆ ఫోను వేడి అంతా గర్భసంచికే దిగుతుంది."

"మన నంబరు వచ్చేస్తోంది," అన్నాడు మింగ్యావ్.

"సార్, రెండిటినీ వదిలించండి," అన్నాను. "ఆ తర్వాత డిస్కుని ఎవరూ ముట్టుకోవద్దు. బాగుచేద్దామని కూడా ముట్టుకోవద్దు. పోయిన బుధవారం దాకా నేను చేసిన కాపీలున్నాయి, వాటితో మిషన్లు నడిపించండి. అందులో ఏం మిగిలిందో, ఏం పోయిందో నేనొచ్చి నెమ్మదిగా చూస్తాను. ఇవాళ కాదు."

నేను ఆయనతో 'కాదు' అన్న మాట ఎప్పుడైనా అన్నానేమో గుర్తు రాలేదు. ఫోను కట్టేశాను. నోట్లో ఆ మాట తడి ఇంకా ఆరలేదు.

అద్దాల గదిలో నర్సు ఒక్కతే కూర్చుని ఉంది. నాకంటే చిన్నది, జుట్టు బిగించి ముడి వేసుకుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు ఆమె ప్రశ్నలు అడిగి కంప్యూటర్లో ఎక్కిస్తుంది. ఉన్నవి రెండు కుర్చీలు. ఒకదాంట్లో అత్తగారు కూర్చున్నారు, ఒకదాంట్లో నేను. మింగ్యావ్ మా వెనక నిలబడ్డాడు. వయసు అడిగింది, మింగ్యావ్ చెప్పాడు. పెళ్ళయి ఎన్నాళ్ళయిందంటే అత్తగారు చెప్పారు. ఏ మందులైనా వాడుతోందా అంటే అత్తగారు, "కషాయం ఒకటి నేనే కాచి ఇస్తున్నాను," అన్నారు. నర్సు తల ఎత్తకుండా టైపు చేసుకుంటూ పోతోంది. నేను ఆమె వేళ్ళని చూస్తున్నాను.

"ఇంతకు ముందు గర్భం వచ్చిందా?"

"లేదమ్మా, ఇదే మొదలు," అన్నారు అత్తగారు.

అదే క్షణంలో మింగ్యావ్, "అంటే, అది లెక్కలోకి రాదులెండి," అన్నాడు.

నర్సు వేళ్ళు ఆగాయి. ఆమె అత్తగారి వైపు చూసింది, మింగ్యావ్ వైపు చూసింది. ఏది ఎక్కించాలో ఆమెకి తెలియలేదు. ఇద్దరూ అబద్ధమాడుతున్నట్టు నాకు అనిపించలేదు. ఆవిడ తలలో అది లేదు. అతని తలలో అది చిన్నది. వాళ్ళ వాళ్ళ తలల్లో ఉన్నదే వాళ్ళు చెప్పారు.

"వచ్చింది," అన్నాను. "కిందటి నెలలో పోయింది."

అత్తగారి చెయ్యి నా మోచేతి మీద బిగిసింది. "పెయ్‌రూ! ఏడో నెల, నలుగురూ వినే చోట ఏం మాటలవి?"

"ఎన్ని వారాలు?" అంది నర్సు. ఇప్పుడు నా ఒక్కదాని వైపే చూస్తోంది.

"తొమ్మిది."

"ఆసుపత్రిలో పోయిందా, ఇంట్లోనా?"

"ఆఫీసులో. రెండో అంతస్తు బాత్రూంలో. మీటింగు ఉంటే తర్వాత వెళ్ళి కూర్చున్నాను."

"మీటింగా?" అన్నాడు మింగ్యావ్ నా వెనక. "ఇంట్లో అన్నావుగా? ఇంటికొచ్చాక అన్నావుగా?"

నేను అలా అనలేదు. అతను అలా అనుకున్నాడు, నేను సరేనన్నాను. మీటింగులో ఏదో బడ్జెట్ గురించి మాట్లాడారు. షుఫెన్ అక్క నా ముందు టీ కప్పు పెట్టి వెళ్ళింది. చల్లగదిలో వేసుకునే కోటు కుర్చీ మీద మడిచి వేసుకుని కూర్చున్నాను. అందరూ లేచాక కూడా కాసేపు లేవలేదు. ఇవన్నీ ఆ అద్దాల గదిలో ఒకటి తర్వాత ఒకటి కనబడసాగాయి, ఎవరో బయటినుంచి తీసి పెడుతున్నట్టు. మోచేతి మీద అత్తగారి గోళ్ళు గుచ్చుకుంటున్నాయి. గుచ్చుకుంటున్నాయని తెలుస్తోంది.

నర్సు కంప్యూటరు మీదినుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"బాగా నొప్పి పెట్టిందా?" అని అడిగింది.

ఆ మాట అంతవరకూ నన్ను ఎవరూ అడగలేదు. నన్ను నేను కూడా అడగలేదు. జవాబు కోసం లోపల వెతికాను. అత్తగారు ఏదో చెప్పబోతే నర్సు చెయ్యెత్తి ఆపింది.

"తెలియదు," అన్నాను, కుర్చీలోంచి లేస్తూ. "అది తెలిసేదాకా నా పేరు రాయకండి."